పాచి మేడం

మేడం పోయారన్న సంగతి నాకు సార్ నోటి నుంచే తెలిసింది. జూలై నెల. ఖమ్మంలో తెల్లవారినప్పటి నుంచి ముసురు పట్టింది. బడికి బయలుదేరుతూ స్కూటర్ సీటు తుడుస్తుంటే ఫోన్ మోగింది.

"అమ్మా, మీ మేడం పొద్దుగాల పోయింది."

గొంతు మామూలుగానే ఉంది. ఆయనే మళ్లీ అన్నారు. "బస్సుల రా. బండి మీద రాకు. తొవ్వ పొడుగూతా వాన పడుతున్నది."

కొత్తగూడెం బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. అద్దం మీద నీళ్లు కారుతున్నాయి, బయట ఏమీ కనపడటం లేదు. మేడం ఉండి ఉంటే ఈ వానకు ఎంత సంతోషించేవారో అనిపించింది. ఏటా జూన్‌లో ఆమె ఫోన్ చేసినప్పుడల్లా ముందు అడిగే మాట ఒకటే: "మీ దగ్గర పడిందా?" నా ఆరోగ్యం, పిల్లల చదువు ఆ తర్వాతే. పక్క సీటులో కూర్చున్నావిడ నా ముఖం చూసి, "ఎవరమ్మా, సుట్టమా?" అని అడిగింది. అవ్ అన్నాను.

చుట్టం కాదు. ఆమె కొత్తగూడెంలో మా డిగ్రీ కాలేజీలో బోటనీ చెప్పిన మేడం. ఆవిడ భర్త పశువుల డాక్టరు. ఊళ్లో ఆమెను పాచి మేడం అనీ, ఆయనను రాబందుల సార్ అనీ పిలిచేవాళ్లు. మొదట వెక్కిరింపుగా పుట్టిన పేర్లే అవి. తర్వాత తర్వాత ఇంటి అడ్రసు చెప్పడానికి కూడా పనికొచ్చాయి.

నేను వేంసూరు నుంచి వచ్చి హాస్టల్లో చేరిన ఏడాది, మొదటి ప్రాక్టికల్ క్లాసు కోసం అడవికి తీసుకుపోతారని అందరం ఎదురుచూశాం. కొత్త చెప్పులు వేసుకుని, పులిహోర కట్టించుకుని వచ్చాం. మేడం మమ్మల్ని కాలేజీ వెనక ప్రహరీ గోడ దగ్గరికి తీసుకుపోయారు. అంతే. అక్కడ వాటర్ ట్యాంకు కారి కారి గోడ పచ్చగా పాచి పట్టి ఉంది. ఆమె చీర కుచ్చిళ్లు సర్దుకుని నేల మీదే చతికిలబడ్డారు.

"కూర్చోండమ్మా. నిలబడితే కనపడదు ఇది."

మధిర వైపు మనిషి. మాట మెత్తగా, కొంచెం సాగదీసినట్టు ఉండేది. మెడలో నల్లపూసలతో పాటు నల్లదారానికి కట్టిన భూతద్దం ఒకటి ఎప్పుడూ వేలాడుతుండేది. చేతిసంచిలో, ఇస్త్రీ చేసేటప్పుడు బట్టల మీద నీళ్లు చల్లుకునే సీసా. ఆ రెండూ లేకుండా ఆమె పెళ్లి విందులకు కూడా పోయేవారు కాదు. ఒకసారి ఎవరి పెళ్లిలోనో భోజనాల వరుస వదిలేసి కల్యాణ మండపం వెనక గోడ దగ్గర కూర్చుంటే, పెళ్లివాళ్లు ఆమెకు కళ్లు తిరిగాయనుకుని సోడా తెచ్చి ఇచ్చారు.

నాకు పాచి అంటే మా అమ్మ ఇటుక ముక్కతో గీకి గీకి తీసేది. బోరు దగ్గర కాలు జారితే తిట్టుకునేది. భూతద్దంలో మొదటిసారి చూసినప్పుడు మాత్రం కన్ను తీయబుద్ధి కాలేదు. వెంట్రుకంత కాడలు, వాటి చివర చిన్న చిన్న బుడ్లు, ఒక్కో బుడ్డికీ ఒక్కో టోపీ. నా పక్కనున్న అమ్మాయి, "ప్రార్థనకు నిలబడ్డ పిల్లల లెక్కున్నయి మేడం" అంటే, ఆవిడ చాలాసేపు నవ్వారు.

"దీనికి మనం పేరు కూడా సరిగ్గా పెట్టలేదు చూశారా. చెరువులో ఉన్నదీ నాచే, గోడ మీద ఉన్నదీ నాచే. పోనీ పాచి అందామా, పొద్దున్నే పళ్ల మీద ఉన్నదీ పాచే. వేరు లేదు, పువ్వు లేదు, పేరూ లేదు. అయినా మీరూ నేనూ పుట్టకముందు నుంచీ ఉంది."

ఆ ఏడాది నుంచే నాకు వాళ్లింటికి రాకపోకలు మొదలయ్యాయి. ఆదివారం హాస్టల్ తిండి తినలేక పోయేదాన్ని. మేడం పప్పుచారు పెట్టేవారు. సార్ ఎదురుగా కూర్చుని కథలు చెప్పేవారు. ఆయనది ఇల్లందు వైపు. కొత్తగా ఉద్యోగంలో చేరి భద్రాచలం దారిలోని పల్లెల్లో తిరిగిన రోజుల్లో, ఊరి బయట పశువు చచ్చిన చోట రాబందులు గుంపులుగా దిగేవట. మధ్యాహ్నానికి దిగితే సాయంత్రానికి బొక్కలే మిగిలేవట. ఆ తర్వాత కొన్నేళ్లకు ఆకాశం ఖాళీ అయింది. కళేబరాలు అట్లాగే కుళ్లిపోవడం, వాటి మీద కుక్కలు పెరగడం ఆయన కళ్లారా చూశారు. ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు. పశువుల నొప్పులకు ఇచ్చే ఒక మందు చచ్చిన పశువు మాంసంలో మిగిలి, అది తిన్న రాబందుల మూత్రపిండాలు పాడైపోతున్నాయని చాలా ఆలస్యంగా తెలిసింది. ఆ మందును సర్కారు ఆపించింది కూడా.

"మేమే పొడిచినం ఆ సూదులు" అనేవారు సార్. "ఎద్దు మూలుగుతుంటే సూడలేక ఇచ్చినం. గదే పిట్టను సంపుతదని ఎవరికెరుక?"

ఆ మాట అన్నప్పుడల్లా మేడం ఆయన కంచంలో ఏదో ఒకటి వడ్డించేవారు. ఓదార్చడానికి ఆమెకు తెలిసిన పద్ధతి అది. ఆ వెంటనే మాట మార్చేవారు.

"మీ పక్షి పోతే ఇంతమంది డాక్టర్లు కూడి ఎందుకు పోయిందో కనిపెట్టారు. నా పాచి పోతే అడిగేవాళ్లెవరండీ?"

"అడుగుతరు. ఎవరో కాలు జారకుంటే, గోడ గిట్ల సాఫైందేందని అడుగుతరు."

"మీ పక్షి కాకి అయినా బాగుండేది. రాబందు! పేరెత్తితే అశుభం."

"మా దానికి పేరన్నా ఉన్నది. వడ్డీకిచ్చెటోణ్ని తిట్టాలన్నా, లంచాలు తినెటోణ్ని తిట్టాలన్నా మా పిట్టే దిక్కు. పాపం అది సచ్చినదాన్నే తింటది. బతికున్నోణ్ని పీక్క తినదు."

ఇట్లా సాగేది వాళ్ల సంవాదం. పైకి చూసే మనిషీ, కిందికి చూసే మనిషీ ఒకే ఇంట్లో ఎట్లా సర్దుకున్నారా అని నేను చాలాసార్లు ఆశ్చర్యపోయాను. దారిలో నడిచేటప్పుడు ఆయన తల ఆకాశం వైపు, ఆమె తల గోడల వైపు. ఎదురొచ్చే లారీని చూసి కేకేయడం నా వంతు.

ఇద్దరూ కలిసి పోయే చోటు ఒకటే ఉండేది. కొత్తగూడెం నుంచి భద్రాచలం పోయే దారిలో, మెయిన్ రోడ్డు దిగి అడవిలోకి కొంత నడిస్తే ఒక వాగు. వాగుకు అవతల నిట్టనిలువు కొండ. ఆ కొండ అంచుల మీద ఒకప్పుడు రాబందులు గూళ్లు పెట్టేవట. గోడ మీద సున్నం పోసినట్టు తెల్లటి రెట్టల చారలు ఇంకా మిగిలి ఉండేవి. సార్ ఏటా ఒకసారైనా పోయి ఆ చారలు చూసి వచ్చేవారు. వాగుకు ఇవతల ఒడ్డున రెండు బండల మధ్య సందు ఉంది. లోపలికి ఎండ రాదు. పైనుంచి నీళ్లు ఊరుతుంటాయి. దాన్ని నీళ్లబండ అంటారు. ఆ బండ మీద పెరిగే పాచిలో ఒక రకం కోసమే మేడం వచ్చేవారు. రంగు కొంచెం బంగారుపూత కలిసిన ఆకుపచ్చ. ఎక్కడో పడమటి కొండల్లో, మబ్బులు తగిలే ఎత్తుల్లో పెరగాల్సినదట అది. ఇంత వేడి జిల్లాలో, ఆ ఒక్క సందులో ఎట్లా నిలిచిందో ఆమెకూ తెలియదు. దేశంలో పాచి గురించి తెలిసిన పెద్దలకు నమూనా పంపితే వాళ్లూ ఆశ్చర్యపోయారు. ఆమె ఈ జిల్లాలో తిరగని వాగు లేదు. మరెక్కడా అది కనపడలేదు.

ఇద్దరూ రిటైరయ్యాక, ఒక చలికాలం, ఆ కొండ మీదికి రాబందుల జంట తిరిగి వచ్చింది.

సార్ నాకు ఫోన్ చేసి మాట్లాడలేకపోయారు. మేడం ఫోన్ అందుకుని, "ఏమీ కాలేదమ్మా, కంగారు పడకు. ఆయన పక్షులొచ్చాయి" అన్నారు.

అప్పటికి నేను ఖమ్మంలో బడి టీచరును. ఆ ఆదివారమే పోయాను. సార్ దుర్భిణి నా చేతికిచ్చి చూపించారు. మెడ మీద ఈకలు లేని, వంగిన ముక్కున్న పెద్ద పిట్ట. అందంగా ఏమీ లేదు. కానీ అది రెక్కలు విప్పి కొండ మీది నుంచి ఊరికే ఒరిగి, ఒక్కసారి కూడా రెక్క కొట్టకుండా వాగు దాటిపోయినప్పుడు, మేడం కూడా తలెత్తి అది కనుమరుగయ్యేదాకా చూశారు.

"ఏడాదికి ఒక్కటే గుడ్డు" అన్నారు సార్. "అదీ నిలవాలె. పిల్ల పెద్దది కావాలె. ఇవి రెండూ విషం తినకుండా బతకాలె."

ఆ తర్వాత ఆయన ఊరుకోలేదు. అడవి అంచు పల్లెలన్నీ తిరిగి, ఆపిన మందు ఇంకా ఎక్కడైనా వాడుతున్నారేమో కనుక్కోవడం, దాని బదులు వేరే మందు అడగమని చెప్పడం మొదలుపెట్టారు. మోకాళ్ల నొప్పులతో ఆయన ఒక్కరూ తిరగలేరని మేడం వెంట పోయేవారు. మగవాళ్లతో సార్ మాట్లాడుతుంటే, ఆమె పాకల దగ్గర ఆడవాళ్లతో కూర్చునేవారు. "పాలు పితికేది మీరు, దాణా పెట్టేది మీరు, సూది ఏమి పొడుస్తున్నాడో అడగాల్సింది కూడా మీరే" అని చెప్పేవారు. తన పాచి గురించి ఆ పల్లెల్లో ఒక్క మాట మాట్లాడలేదు. "అది ఆయన పని కదమ్మా. అందులో నా గొడవ కలపకూడదు" అన్నారు నేనడిగితే.

అసలు చిక్కు రాబందులు వచ్చినందువల్లే వచ్చింది. పేపర్లో ఫొటో పడగానే జనం కెమెరాలు పట్టుకుని రావడం ఎక్కువైంది. అట్లా విచ్చలవిడిగా తిరగడం కంటే ఒక పద్ధతి పెడదామని ఫారెస్టు ఆఫీసు వాళ్లు ఆలోచించారు. నీళ్లబండ సందులోంచి మెట్లు కొట్టి, పైన చెట్లు కొన్ని తీసి, కొండకు ఎదురుగా ఒక మంచె కట్టాలి. అక్కడి నుంచి గూడు అరచేతిలో పెట్టినట్టు కనపడుతుంది. సార్‌ను ఆ పనికి సలహాదారుగా పిలిచారు. ప్రారంభానికి ముందు వాగు దగ్గరి గూడెం బడిలో ఒక సభ, అందులో ఆయన మాట్లాడాలి.

ఆ కబురు వచ్చిన రోజు నేను వాళ్లింట్లోనే ఉన్నాను. సార్ ముఖం వెలిగిపోతోంది. మేడం వంటింట్లోంచి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు.

"మెట్లు ఏ పక్క నుంచి అన్నారు?"

"బండ సందులకెళ్లి. ఇంకో తొవ్వ లేదు."

"చెట్లు తీస్తే ఎండ పడుతుంది కదండీ."

ఆయనకు అర్థమైంది. అర్థమై, కోపం వచ్చింది. "ఏందే, ఇన్నేండ్లకు ఆ పిట్టను సూడనీకి జనం వస్తనంటున్నరు. సూస్తేనే కదా కాపాడుతరు? పాచి కోసం గిదంతా ఆపుమంటవా?"

మేడం లోపలికి పోయారు. పప్పు మాడిన వాసన వచ్చేదాకా ఎవరం కదల్లేదు. ఆ మధ్యాహ్నం ముగ్గురం మాడిన పప్పే తిన్నాం, ఒక్క మాట లేకుండా. వాళ్లిద్దరూ అట్లా మౌనంగా తినడం నేను అదే మొదటిసారి చూడటం.

ఆ వారమే ఆమె నాకు ఫోన్ చేశారు. "ఆదివారం వస్తావా? ఆయన్ను నీళ్లబండకు తీసుకుపోవాలి. మోకాళ్లతో దిగలేరు, ఒక పక్క నువ్వు పట్టుకోవాలి."

మే నెల. అడవంతా ఎండుటాకుల చప్పుడు. వాగులో ఇసుకే మిగిలింది. నీళ్లబండ దగ్గర ఊట కూడా ఆగిపోయింది. సందులో చల్లగా ఉంది కానీ, బండ మీద పచ్చదనం లేదు. మాడిన జుట్టులా నల్లగా, ముడుచుకుపోయిన చారలు ఉన్నాయంతే.

"ఇదేనా?" అన్నారు సార్.

"ఇదే. కాసేపు పైకి చూడకండి."

ఆయన అతి కష్టం మీద కూర్చున్నారు. మేడం సంచిలోంచి సీసా తీసి ఆ నల్లటి చారల మీద నీళ్లు చల్లారు. భూతద్దం మెడలోంచి తీసి ఆయన చేతికిచ్చారు. ముందు ఏమీ జరగలేదు. తర్వాత ఒక మొన కదిలింది. ముడుచుకున్న ఆకులు ఒక్కొక్కటే విడివడుతూ, నలుపు గోధుమ రంగై, గోధుమ రంగు ఆకుపచ్చ అయి, మేం చూస్తుండగానే ఆ బండ మీద చెయ్యంత మేర బంగారుపచ్చగా మారింది. సార్ ఊపిరి భూతద్దానికి తగిలి మసకేస్తుంటే, చొక్కా అంచుతో తుడుచుకుని మళ్లీ మళ్లీ చూశారు.

"గిన్ని దినాలు సచ్చి ఉన్నదా ఇది?"

"చావలేదండీ. ఆగింది. నీడ ఉంటే ఎన్నాళ్లయినా ఆగుతుంది. ఎండ పడి బండ కాలితే మాత్రం ఆగలేదు. మీ పక్షికి ఒక చోటు బాగాలేకపోతే ఇంకో కొండకు పోతుంది. దీనికి ఉన్నది ఈ బండే."

సార్ ఇంకోసారి భూతద్దం పెట్టుకుని చూశారు. లేచేటప్పుడు నా చేయి కాకుండా ఆమె చేయి అందుకున్నారు. తిరుగుదారిలో ఎవరూ సభ మాట ఎత్తలేదు.

జూన్‌లో సభ జరిగింది. బడి వరండాలో బల్లలు వేశారు. రేంజి ఆఫీసరు, గూడెం సర్పంచి, జనం. సర్పంచి కోయ ఇంటి ఆడమనిషి, నా వయసే ఉంటుంది. సార్ లేచి తను రాసుకున్నది చదువుతారనుకున్నాం. ఆయన నిలబడి, "మంచె అక్కడ వద్దు" అన్నారు.

అందరూ ఆయన వంకే చూశారు. పిట్ట గుడ్డు మీద కూర్చున్నప్పుడు మనుషులు అంత దగ్గరికి వస్తే లేచిపోతుందనీ, గుడ్డు చల్లబడుతుందనీ చెప్పారు. ఆ తర్వాత కొంచెం తడబడి, ఆ బండ మీద మా ఆవిడ పాచి ఉంది, అది ఈ జిల్లాలో ఇంకెక్కడా లేదు, అది కూడా మన పిట్ట లెక్కనే ఆపదలో ఉంది అన్నారు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన ఆ నవ్వును పట్టించుకోలేదు. మంచె గూడెం పక్కనున్న గుట్ట మీద కట్టమన్నారు. పిట్ట దూరంగా, చిన్నగా కనపడినా చాలన్నారు.

ఆఫీసరు మంచివాడే. "సార్, ఆ గుట్ట వాగుకు అవతల ఉంది. వానాకాలం మనుషులు దాటడమే కష్టం. చూసేవాళ్లు ఎట్లా వస్తారు?" అన్నాడు.

అప్పుడు సర్పంచి లేచింది.

"మీరు పిట్టంటరు, మేడం పాచంటది. మాకు రెండిటి మీదా కోపం లేదు సారూ. మాకు తొవ్వ గావాలె. పోయిన వానల్ల నిండు చూలాలిని మంచం మీద పండబెట్టి ఈ వాగు దాటిచ్చినం. మంచం మోసినోళ్లల్ల నేనొకదాన్ని. గుట్ట మీద మంచె కడితే వాగు మీద వంతెన గావాలె గదా? కట్టుండ్రి. పిట్టను సూసేటోళ్ల కోసం కడతరో, మా ఆడోళ్ల కోసం కడతరో, మీ ఇష్టం. వంతెన మాత్రం కట్టుండ్రి."

ఎవరూ నవ్వలేదు. మేడం మాత్రం తన కుర్చీలోంచి లేచి పోయి, ఆ సర్పంచి పక్కన నేల మీద కూర్చున్నారు.

ఆ రోజు నుంచి ఆమె పాచి మాట పక్కన పెట్టి వంతెన వెంట పడ్డారు. ఆ సర్పంచితో కలిసి ఆఫీసుల చుట్టూ తిరిగారు. పెద్ద అధికారి గది బయట బెంచీ మీద ఇద్దరూ కూర్చుని ఒకే టిఫిన్ డబ్బాలోంచి తింటుండగా నేనొకసారి చూశాను. ఎవరైనా విసుక్కుంటే మేడం, "పర్వాలేదు బాబూ, కూర్చుంటాం. మాకు కూర్చోవడం అలవాటే" అనేవారు. కొన్నేళ్లు పట్టింది. వంతెన చిన్నదే వచ్చింది. కానీ ఆటో పోతుంది, అంబులెన్సు పోతుంది. దాని మీదుగా గూడెం నుంచి భద్రాచలం దవాఖానాకు పోయి మొదటి కాన్పు అయినామె పాపను చూడటానికి మేడం స్వెటర్ అల్లుకుని పోయారు. ఆ ఎండల్లో స్వెటర్ ఎందుకని సార్ ఎగతాళి చేస్తే, "చలికాలం రాదా ఏమిటి" అన్నారు.

మంచె గుట్ట మీదే కట్టారు. కెమెరాల వాళ్లు ఇంకొంచెం దగ్గరగా ఉంటే బాగుండేదని ఇప్పటికీ సణుగుతారు. మా బడి పిల్లలను నేను ఏటా అక్కడికి తీసుకుపోయేదాన్ని. సార్ పక్షిని చూపించేవారు. తర్వాత పిల్లలను విడతలుగా, అయిదారుగురికి మించకుండా, మేడం వాగు ఇవతలికి తెచ్చి పాచిని చూపించేవారు. ఒకసారి ఒక పాప అడిగింది.

"మేడం, రెండిట్ల ఏది పోతే ఎక్కువ నష్టం?"

పెద్దవాళ్లం కూడా అడగడానికి మొహమాటపడ్డ ప్రశ్న అది. మేడం ఆ పాప పక్కన కూర్చున్నారు.

"నాకు తెలియదు తల్లీ. పక్షి పోతే మాత్రం, పోయిందని తెలుస్తుంది. ఆకాశంలో ఏదో తగ్గిందని ఎవరో ఒకరు అడుగుతారు. ఇది పోతే బండ శుభ్రమైందని సంతోషిస్తారు. ఏడ్చేవాళ్లు లేనిదాన్ని కొంచెం ఎక్కువ కనిపెట్టుకుని ఉండాలి, అంతే."

ఆ పాప తలూపింది. ఎంత అర్థమైందో తెలియదు. నాకు మాత్రం అప్పటి నుంచి బడిలో వెనక బెంచీల మీదికి చూపు ముందు పోతుంది. పరీక్షలో ఫస్టు వచ్చేవాడు ఒక రోజు రాకపోతే అందరూ అడుగుతారు. మూలన కూర్చునే పిల్ల వారం రాకపోయినా ఎవరూ అడగరు. ఆ పిల్ల ఇంటికి పోయి కనుక్కోవడం నాకు మేడం దగ్గర అబ్బిన అలవాటు. ఇది ఆమెకు చెప్పుకునే అవకాశం ఎన్నిసార్లు వచ్చినా ఎందుకో చెప్పలేదు. బోటనీ మేడంకు ఇది చెప్పేదేమిటి అనుకున్నాను.

అన్నీ చక్కబడ్డాయని కాదు. ఒక ఏడాది గూట్లో పిల్ల ఎదగకుండానే చచ్చిపోయింది. దేనివల్లో తెలియలేదు. సార్ చాలా రోజులు సరిగ్గా తినలేదు. మేడం మళ్లీ ఆయనను వెంటబెట్టుకుని పల్లెల్లో పాకల వెంట తిరిగారు. ఇంకో ఏడాది ఎండలు మితిమీరి నీళ్లబండ మీది పాచి సగానికి తగ్గింది. అప్పుడు సార్ రోజు విడిచి రోజు నీళ్ల క్యాను పట్టుకుని ఆటోలో పోయేవారు. చల్లితే నిలుస్తుందన్న నమ్మకం మేడంకే లేదు. అయినా వద్దని చెప్పలేదు.

ఈ ఏడాది ఎండాకాలం చివర ఆమెకు జ్వరం పట్టుకుంది. ఖమ్మం దవాఖానాలో చేర్చితే నేను రోజూ సాయంత్రం పోయేదాన్ని. మనిషి బాగా చిక్కిపోయారు. మంచం పక్కన సార్ స్టూలు మీద కూర్చుని ఆమె పాదాలు ఒత్తుతుండేవారు. నర్సు వచ్చి, "మెడల దారం తీసెయ్యాలమ్మా" అంటే భూతద్దం తీసి నా చేతికిచ్చారు. నేను సార్‌కు అందించబోతే మేడం తల అడ్డంగా ఊపారు.

"ఆయనకు దుర్భిణి ఉంది. ఇది నువ్వుంచుకో. పిల్లలకు పనికొస్తుంది."

కాస్త నయమైందని ఇంటికి పంపించారు. ఇంటికి పోయిన వారంలోనే వానలు మొదలయ్యాయి. కిటికీ దగ్గర మంచం వేయించుకుని వాన చూస్తూ పడుకునేవారట. ఆ పొద్దున సార్ టీ పెట్టుకుని వచ్చేసరికి పోయారట.

నేను చేరేసరికి ఇంటి ముందు జనం. పాత విద్యార్థులు చాలామంది వచ్చారు. వాగు దగ్గరి గూడెం నుంచి రెండు ఆటోల్లో ఆడవాళ్లు వచ్చారు, తడిసి ముద్దయి. పదవి దిగిపోయి చాలా కాలమైన ఆ సర్పంచి వాళ్ల పద్ధతిలో కొత్తబట్ట తెచ్చి మేడం మీద కప్పింది. కప్పి, పక్కనే నేల మీద కూర్చుంది. ఎవరో కుర్చీ తెచ్చి వేస్తే వద్దంది. సార్ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నారు. నన్ను చూసి, "తడిసినవా?" అని అడిగారు. లేదు సార్ అన్నాను. అప్పుడు ఏడ్చారు.

పెద్దకర్మ అయిన తర్వాత ఒక ఆదివారం ఆయనను చూడటానికి పోయాను. ఇల్లు సర్దే పని చేద్దామనుకున్నాను. ఆయన అప్పటికే చొక్కా తొడుక్కుని కూర్చున్నారు. "వాగుకు పోదామా?" అన్నారు. ఆటో మాట్లాడుకుని పోయాం. దారంతా వాన. వంతెన కింద ఎర్రటి నీళ్లు సుడులు తిరుగుతున్నాయి. ఆటో అతను గుట్ట కింద ఆపి, తను అక్కడే ఉంటానన్నాడు. సార్ నా భుజం మీద చేయి వేసి మెల్లగా ఎక్కారు. మంచె మీద ఎవరూ లేరు. కర్ర కటకటాలు తడిసి నల్లగా ఉన్నాయి.

మేం చేరేసరికి వాన ఆగింది. మబ్బు కొంచెం విడిపోయి, ఎదురుగా కొండ మీద ఒక్క చోట ఎండ పడింది. ఆ అంచు మీద ఈ ఏటి పిల్ల ఉంది. ఇంకా మెడ చుట్టూ మెత్తటి నూగు పోలేదు. ఎక్కడికి పోవాలో తెలియనట్టు అటూ ఇటూ చూసి, తడిసిన రెక్కలు రెండూ పూర్తిగా విప్పి, ఆరబెట్టుకుంటూ నిలబడింది. రెక్కల చివర్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. కింద కొండ గోడంతా నీళ్లు కారుతున్నాయి.

సార్ దుర్భిణి ఎత్తలేదు. కటకటం మీద రెండు చేతులూ ఆన్చి ఊరికే చూస్తున్నారు. పిల్ల ఎగరలేదు. ఎండ ఉన్నంతసేపూ రెక్కలు అట్లాగే చాచి నిలబడి ఉంది.